హిందీలో ‘రామ్ నే రోటీ ఖాయీ’ (రాముడు రొట్టె తిన్నాడు) అనే ఎందుకు అంటారు? రాముడు మగవాడే కదా, ‘ఖాయా’ అనకూడదా?

‘ఖాయీ’యే సరైనది, ఎందుకంటే కర్త పక్కన ‘నే’ వచ్చినప్పుడు హిందీ క్రియ కర్తను వదిలేసి కర్మను బట్టి మారుతుంది; ఇక్కడ కర్మ ‘రోటీ’, అది స్త్రీలింగం. తెలుగులో క్రియ ఎప్పుడూ కర్త వెంటే నడుస్తుంది (రాముడు తిన్నాడు, సీత తిన్నది) కాబట్టి మనకిది వింతగా ఉంటుంది.

దీని మూలం సంస్కృతంలో ఉంది. ‘రామేణ సీతా దృష్టా’ అంటే రాముడిచేత సీత చూడబడింది; ‘దృష్టా’ సీతను బట్టి స్త్రీలింగమైంది. హిందీలో ఖాయా, దేఖా లాంటి రూపాలు ఇలాంటి కర్మణి రూపాల నుంచే వచ్చాయి. అర్థం ‘తిన్నాడు’గా మారినా పాత పొందిక అలాగే మిగిలింది.

అందుకే తిన్నది సీత అయినా ‘సీతా నే ఆమ్ ఖాయా’యే, ఆమ్ (మామిడిపండు) పుంలింగం కనుక. కర్మకు ‘కో’ (మన ‘ని/ను’ లాంటిది) చేరితే మాత్రం క్రియ ఎవరినీ పట్టించుకోకుండా పుంలింగ ఏకవచనంలో ఆగిపోతుంది: రామ్ నే సీతా కో దేఖా.

చాలామంది పొరబడేది, భూతకాలం అనగానే ‘నే’ పెట్టేయడం దగ్గర. సాధారణంగా పూర్తయిన పనికి, అదీ సకర్మక క్రియకే (కర్మ ఉండే క్రియకే) ‘నే’ వస్తుంది. ‘రామ్ గయా’ (రాముడు వెళ్ళాడు)లో కర్మ లేదు, ‘రామ్ రోటీ ఖాతా థా’ (రాముడు రొట్టె తినేవాడు) అలవాటు చెబుతుంది. రెండింటిలోనూ ‘నే’ రాదు. లానా (తేవడం), భూల్నా (మరచిపోవడం) సకర్మకాలే అయినా ‘నే’ తీసుకోవు. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.