చైను మార్చే ముందు టైర్లు కొలవండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు ఒక జిన్నింగు మిల్లు ఉంది. పత్తి గింజలు ఎత్తడానికి నాలుగేళ్ల క్రితం పాత స్కిడ్ స్టీర్ లోడర్ ఒకటి కొన్నాము. మూడు నెలలుగా, ముందుకు వెళ్తున్న బండిని వెనక్కి మళ్లించగానే ఎడమ పక్కన ‘టక్’మని గట్టి చప్పుడు వస్తోంది. నిండు బకెట్‌తో మలుపు తిప్పితే కుదుపు కూడా ఉంటోంది. ఒక మెకానిక్ హైడ్రాలిక్ మోటారు పోయిందన్నారు, ఇంకొకరు చైన్లు సాగాయన్నారు. ఎవరి మాట నమ్మాలి? నిరుడు ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించడం తప్ప బండికి మేము వేరే ఏ పనీ చేయించలేదు.

జవాబు: మీరు ఉత్తరం చివర యథాలాపంగా రాసిన టైర్ల మాటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. దాని దగ్గరికి తరువాత వస్తాను. ముందు మోటారా, చైనా అన్నది తేల్చుకుందాం.

మన వైపు ఏ కంపెనీ బండినైనా బాబ్‌క్యాట్ అనే పిలిచే ఈ యంత్రంలో చక్రాలు పక్కకు తిరగవు. ఒక పక్క చక్రాలు వేగంగానూ, రెండో పక్కవి నెమ్మదిగానూ, లేదా వెనక్కి తిరగడం వల్ల బండి నేలను ఒరుసుకుంటూ మళ్లుతుంది. సాధారణంగా ఒక్కో పక్కకు ఒక్కో హైడ్రాలిక్ మోటారు ఉంటుంది. దాని ఇరుసు మీది స్ప్రాకెట్ల (పళ్ల చక్రాల) నుంచి ఒక చైను ముందు చక్రానికీ, మరొకటి వెనుక చక్రానికీ వెళ్తాయి. ఇవన్నీ సీలు చేసిన చైన్ కేసులో, నూనెలో మునిగి తిరుగుతాయి కనుక బయటి నుంచి మీకు కనబడేది ఏమీ ఉండదు.

మోటారు అరిగితే కనిపించే లక్షణాలు వేరు. ఉదయం బాగానే లాగిన బండి, నూనె వేడెక్కేకొద్దీ ఆ పక్క నీరసించి, తిన్నగా పోనిస్తున్నా ఒక వైపుకు లాగుతుంది. చైను లూజయితే బలం తగ్గదు, ఆలస్యం వస్తుంది: లివరు తిప్పిన తరువాత ఒక క్షణం ఏమీ జరగక, ఆ సందంతా పూడిన వెంటనే దెబ్బ కొట్టినట్టు చక్రం కదులుతుంది. మీరు రాసినది రెండోదానికే సరిపోతోంది. ఒక పక్క రెండు చక్రాలూ ఆగిపోతే హైడ్రాలిక్ వైపు వెతకాలి, ఒక్క చక్రమే ఆగిపోయి దాని జతది తిరుగుతుంటే ఆ చక్రపు చైను తెగినట్టే.

అయినా నా మాట మీద మోటారును గానీ, చైనును గానీ విప్పించకండి. సిమెంటు నేల మీద బండిని నిలిపి, బకెట్ చేతులను పూర్తిగా దించి, చట్రాన్ని గట్టి స్టాండ్ల మీద కూర్చోబెట్టి నాలుగు చక్రాలూ గాలిలో తేలేలా చేయండి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరడం ప్రాణాలతో ఆట. ఇంజను ఆపి పార్కింగ్ బ్రేకు వేస్తే మోటారు తిరగదు కనుక, చేత్తో టైరును ముందుకూ వెనక్కూ తిప్పినప్పుడు ఎంత కదులుతుందో దాదాపు అంతా చైనులోని సందే. టైరు అంచు మీద సుద్దతో ఒక గీత, దానికి ఎదురుగా చట్రం మీద మరొక గీత గీసి, టైరు మీది గీత ముందుకూ వెనక్కూ కదిలే రెండు కొసల మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. నాలుగు చక్రాలకూ ఇలా చేసి కాగితం మీద రాసుకుంటే, ఏ చైను అరిగిందో ఆ అంకెలే చెబుతాయి. ఆ తరువాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. అలా కదిలితే అది ఇరుసు బేరింగు తప్పు, దానికి చైను మారిస్తే ఉపయోగం లేదు.

చైన్ కేసు నూనె దింపడానికి డ్రెయిన్ ప్లగ్ విప్పినప్పుడు ఆ నూనెను పళ్లెంలో పట్టి వేళ్ల మధ్య రుద్ది చూడండి. విభూదిలా మెత్తని బూడిద రంగు పొడి కొంత ఉండడం సహజమే. గోరుకు తగిలే తునకలు కనిపిస్తే మాత్రం రోలరో, స్ప్రాకెట్ పన్నో విరిగిందని అనుకోవాలి.

కేసు మూత తెరిచాక చైనును బిగువుగా లాగి కొలవాలి. మెకానిక్‌లు సాగింది అంటారు గానీ ఇనుము సాగదు. ప్రతి లింకులోనూ పిన్ను, బుష్షు ఒకదానినొకటి అరగదీసుకోవడం వల్ల చైను పొడవు పెరుగుతుంది. ఉదాహరణకు 80 నంబరు చైనులో లింకు నిడివి 25.4 మిల్లీమీటర్లు కనుక, 16 లింకులు కొత్తలో 406.4 మిల్లీమీటర్లు ఉంటాయి. ఇరుసుల మధ్య దూరాన్ని సర్దే వీలులేని బండ్లలో 1.5 శాతం పెరుగుదలే హద్దు, అంటే 412.5 దాటితే మార్చాలి. సర్దే వీలున్న చోట సాధారణంగా 3 శాతం వరకు ఆగవచ్చు. మీ బండి చైను నంబరు వేరే కావచ్చు, చైను లింకు పక్క పలక మీద చూసుకుని లెక్క కట్టండి.

స్ప్రాకెట్ పళ్లు పులిగోరులా ఒక వైపుకు వంగి ఉంటే చైనుతోపాటు అవీ మార్చవలసిందే. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే అది తొందరగానే పాతదైపోతుంది. ఆటోనగర్‌లో అరిగిన పళ్లను వెల్డింగుతో నింపి గ్రైండరుతో దిద్దే చేయి తిరిగిన పనివారున్నారు, వారి నైపుణ్యం మీద నాకు గౌరవమే. కానీ ఆ వేడికి పన్ను గట్టిదనం పోతుంది, చేత్తో దిద్దిన పళ్ల మధ్య దూరం అన్ని చోట్లా ఒకేలా రాదు. కొత్త భాగాలు బిగించే ముందు కేసును డీజిల్‌తో కడిగి, మూలల్లో పేరుకున్న పొడిని నూలుపోగులు వదలని గుడ్డతో తుడిచి తీయించండి.

ఇప్పుడు టైర్ల సంగతి. ఒకే పక్కనున్న ముందు, వెనుక చక్రాలు చైన్ల ద్వారా ఒకే మోటారుకు కట్టుబడి ఉంటాయి కనుక అవి సమానంగా తిరగక తప్పదు. మీ కొత్త ముందు టైరు చుట్టుకొలత 243 సెంటీమీటర్లు, అరిగిన వెనుకది 237 అనుకోండి. ప్రతి చుట్టుకూ 6 సెంటీమీటర్ల తగాదా వస్తుంది, వంద మీటర్లు నడిచేసరికి అది దాదాపు రెండున్నర మీటర్లవుతుంది. మట్టి నేలయితే టైరు జారి ఆ తేడాను మింగేస్తుంది. మీ మిల్లు ఆవరణలో ఉన్నట్టి సిమెంటు నేల మీద టైరు అంత సులువుగా జారదు, ఆ లాగుడు అంతా చైను మీదే పడుతుంది. కాబట్టి టేపును టైర్ల చుట్టూ తిప్పి కొలవండి, గాలి కూడా నాలుగింటిలో సమానంగా ఉంచండి. తేడా ఎక్కువగా ఉంటే మంచివైన రెండు టైర్లను ఒక పక్కకూ, అరిగిన రెంటిని ఇంకో పక్కకూ జత చేయడం మేలు. బండి కొంచెం ఒక వైపుకు లాగవచ్చు గానీ చైన్లు బతుకుతాయి.

ప్రశ్న: మోటారు సైకిల్ చైనులా ఒక లింకు తీసేసి బిగించుకోవచ్చా? మా బండిలో చైన్ కేసు నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంది, ఏం చేయాలి? – విజయవాడ పాఠకుడు

జవాబు: లింకు తీయకండి. మిగిలిన లింకులన్నీ అరిగే ఉంటాయి, పైగా ఒక్క లింకు తగ్గించాలంటే వాడే ఒంటి లింకు మిగతా చైనుకన్నా బలహీనం. ఇరుసు పెట్టె బోల్టులు సడలించి బిగించుకునే వీలు మీ బండిలో ఉంటే, మాన్యువల్‌లో రాసినంత సందు వదిలి బిగించండి. తీగలా బిగిస్తే బేరింగులు పోతాయి.

నూనె ఆ రంగు తిరిగిందంటే అందులో నీరు చేరింది. ఒత్తిడి పంపుతో చక్రాల మధ్య కడిగినప్పుడు ఇరుసు సీలు గుండా చేరి ఉంటుంది. నూనె మార్చి, సీలు చూపించండి. కొత్త నూనె పోసిన తరువాత, మీరు ఏమీ కలపకుండానే మట్టం పెరుగుతూ ఉంటే, మోటారు ఇరుసు సీలు కారి హైడ్రాలిక్ నూనె చైన్ కేసులోకి దిగుతోందని గుర్తించండి.