పై రేకు కాదు, అడుగు చానెల్ చూడండి
పాత జీపుల మరమ్మతు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది మహీంద్రా సీజే3బీ, పెట్రోలు బండి. డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోరు రేకును తుప్పు తినేసి రోడ్డు కనిపిస్తోంది. ‘పైన కొత్త రేకు పరిచి రివెట్లు కొట్టేస్తా, ఒక్కరోజు పని’ అంటున్నాడు టింకరింగ్ మేస్త్రి. కొట్టించమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు. రెండు రేకుల సందులో చేరిన తడి ఆరదు. మీ ఊరి ఉప్పుగాలి కూడా తోడైతే పాత రేకులోని తుప్పు కొత్త రేకును కింది నుంచి పట్టుకుంటుంది. అది పైకి కనిపించేసరికి రెండూ పోయి ఉంటాయి.

ముందు బండి కిందికి దూరి చూడండి. ఫ్లోరు రేకు అడుగున టోపీ ఆకారపు చానెళ్లు అతికించి ఉంటాయి. బాడీ బరువును ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీదికి దింపేవి అవే. చక్రాలు చిమ్మిన బురద వాటిలో దూరి, తడి పట్టి ఉంచి, రేకును అడుగు నుంచి తింటుంది. మీకు కనిపించే చిల్లు జబ్బుకు చివరి దశ అన్నమాట. పాత స్క్రూడ్రైవర్ తీసుకుని చానెల్ అంచు వెంబడి అంగుళానికో పోటు పొడవండి. గట్టి ఇనుమైతే ‘టంగ్’మని మొన వెనక్కి తంతుంది. పోయినచోట కసుక్కున దిగి, గోధుమరంగు పెచ్చులు పొరలు పొరలుగా రాలతాయి. పైన గుప్పెడు చిల్లు ఉంటే అడుగున మూరెడు పోయి ఉండటం మామూలే. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ బండ్లలోనైతే చానెళ్ల లోపల చెక్క ముక్కలు కూడా ఉంటాయి. నీళ్లు తాగిన చెక్క స్పాంజిలా పనిచేస్తుంది.

నిప్పు పనికి ముందు ఒక హెచ్చరిక. ఈ బండికి పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే, ఫ్లోరు గుంటలో కూర్చుని ఉంటుంది. దాన్ని విప్పి షెడ్డు బయట దూరంగా పెట్టండి. ‘ఖాళీ ట్యాంకేగా’ అనుకోవద్దు, నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. బ్యాటరీ వైర్లు రెండూ తీసేయండి. ట్యాంకు గుంట రేకు అడుగు కూడా పొడిచి చూడండి, అక్కడ నీళ్లు నిలుస్తాయి.

రేకు కోసే ముందు తలుపు ఖాళీలకు అడ్డంగా 25×25×3 మిల్లీమీటర్ల యాంగిల్ ముక్కలు తాత్కాలికంగా వెల్డు చేయించండి. జీపు బాడీకి పైకప్పు ఆసరా లేదు. ఫ్లోరు తీస్తే తలుపు ఖాళీ దగ్గరే ముడుచుకుంటుంది. మూల నుంచి మూలకు కొలతలు తీసి గోడ మీద రాసుకోండి. బాడీని ఛాసిస్ బోల్టుల మీదే ఉంచి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టండి.

కోత చిల్లు చుట్టూ కాదు. మెరిసే గట్టి ఇనుము తగిలాక ఇంకో అంగుళం దాటి కోయాలి. పల్చబడ్డ అంచు మీద వెల్డు పెడితే కరిగి చిల్లు పెద్దదవుతుంది. కొత్తదానికి 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీటు చాలు. చానెళ్లకు 1.6 వాడండి. 8×4 అడుగుల 1.2 షీటు సుమారు 28 కిలోలు తూగుతుంది, ముందు ఫ్లోరు రెండు పక్కలకూ అందులో సగం సరిపోతుంది. ముందు అట్టముక్క మీద నమూనా కోసుకుంటే రేకు వృథా కాదు. పాత ఫ్లోరులో నొక్కిన గాడులుంటే కొత్తదానిలోనూ బీడింగ్ యంత్రంతో వేయించండి. అవి అందానికి కాదు, అవి లేకపోతే కాలు పెట్టినప్పుడల్లా రేకు డబడబమంటుంది.

చానెల్ ముందు, రేకు తర్వాత. రేకులో 40 మిల్లీమీటర్లకొకటి చొప్పున 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, రెండూ ఒకదానికొకటి తగిలే ముఖాలకు వెల్డింగు తట్టుకునే జింక్ ప్రైమర్ పూసి, పైనుంచి ఆ రంధ్రాలు నింపుతూ అతకాలి. ఫ్యాక్టరీలో వేసే స్పాట్ వెల్డుకు (చుక్కల అతుకు) అదే ప్రత్యామ్నాయం.

ప్రశ్న: అంచుకు అంచు కలిపి మిగ్ వెల్డింగ్ (గ్యాసు కప్పులో తీగ కరిగించి అతికే పద్ధతి) చేశాను. రేకు అలలు తిరిగింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఒకే వరసలో ఆగకుండా లాగి ఉంటారు. వెల్డు చల్లారుతూ కుంచించుకుపోయి పక్క రేకును లాక్కుంటుంది. 0.8 మిల్లీమీటర్ల తీగతో, అంచుల మధ్య మిల్లీమీటరు సందు వదిలి, ఒక చుక్క ఈ చివర, ఇంకోటి ఆ చివర, తర్వాతది నడుమ పెట్టండి. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే పక్క చుక్క. ముందు 25 మిల్లీమీటర్ల దూరంలో చుక్కలు పూర్తిచేసి, తర్వాత వాటి సందులు నింపుకుంటూ రండి. ఫ్యాను గాలి తగలనివ్వద్దు, గ్యాసు చెదిరి వెల్డు జల్లెడ అవుతుంది.

ఇప్పటికే వంగినదాన్ని వేడిచేయకండి, ఇంకా కుంచించుకుంటుంది. వెల్డును కొద్దిగా గ్రైండ్ చేసి, కింద డాలీ (దెబ్బకు ఆనిచ్చే ఇనుప దిమ్మ) ఆనించి, వెల్డు గీత మీదే చిన్న దెబ్బలు కొట్టండి. కుంచించుకున్న ఇనుము సాగి అల సర్దుకుంటుంది. గ్రైండరు ఎక్కువసేపు ఒకేచోట ఆనించినా మళ్లీ అదే తంటా.

ప్రశ్న: జీఐ (జింకు పూత) రేకు వేస్తే తుప్పే పట్టదు కదా? ఫైబర్ అయితే ఇంకా తేలిక.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వెల్డు పెట్టినచోట జీఐ మీది జింకు కాలిపోతుంది, రక్షణ కావలసిన అతుకు దగ్గరే ఉండదు. పైగా ఆ తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. ఫైబర్ బరువు మోయదు, కింద తుప్పును కప్పిపెడుతుంది, అంతే.

ప్రశ్న: వెల్డింగ్ అయిపోయింది. ఏం పూయాలి? నల్ల అండర్ కోటింగ్ చాలంటున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అది చివరి పొర, మొదటిది కాదు. పాత రేకు మీద మిగిలిన సన్నని గుంటల తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రావణం) పూసి, డబ్బా మీద చెప్పినట్టు కడిగి బాగా ఆరబెట్టండి. ఆమ్లం మిగిలితే దానిపై పూసే ఎపాక్సీ పెచ్చులుగా లేచిపోతుంది. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు. అతుకుల్లో పాలీయురేథేన్ సీమ్ సీలర్ (సందులు మూసే ముద్ద) ఆ ప్రైమర్ మీదే పూయాలి. బాత్‌రూముల్లో వాడే సిలికాన్ వద్దు. పులుపు వాసన వచ్చే రకం ఇనుమునే తింటుంది, పెయింటూ అంటదు. ఆ తర్వాతే రంగు, అండర్ కోటింగ్.

సీలర్ ఉత్సాహంలో చానెళ్ల చివరలు మూసేయకండి. దూరిన నీళ్లు బయటికి పోవాల్సింది అటే. ఆ చివరల నుంచే సన్నగొట్టంతో లోపలికి మైనపు ద్రావణం కొట్టించండి, బ్రష్షు చేరని చోటు అది. రబ్బరు మ్యాటును అతికించవద్దు, వానలో తిరిగొచ్చిన రోజు తీసి ఆరేయండి.

ప్రశ్న: బండికి 50 ఏళ్లు దాటాయి. ఫ్లోరు మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇబ్బందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 2021 నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. అందుకే కొత్త రేకు పాతదాని ఆకారంలోనే, అవే బోల్టు రంధ్రాలతో ఉండాలి. కోయక ముందు, కోశాక, అతికాక ఫొటోలు తీసి ఉంచుకోండి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట గ్రైండరు పెట్టనివ్వకండి. మేస్త్రి రాకముందే దాని మీద గ్రీజు రాసి టేపు చుట్టేయండి.