బొటనవేలు వంగనంటోంది!

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 52 ఏళ్లు. రోజూ విజయనగరం కోట చుట్టూ నడుస్తాను. ఏడాదిగా కుడికాలి బొటనవేలి మొదలు పట్టేస్తోంది, గొంతుక్కూర్చుంటే ప్రాణం పోతోంది, పైన చిన్న బొడిపె కూడా లేచింది. అందరూ యూరిక్ యాసిడ్ అంటున్నారు. నడక మానేయాలా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మానక్కర్లేదమ్మా. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్ అయితే సాధారణంగా రాత్రికి రాత్రే వేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పెట్టి, కొన్నాళ్లకు తగ్గుతుంది. మీది నెమ్మదిగా బిగిసింది కాబట్టి కీలు అరిగి, అంచున ఎముక పెరిగిందనిపిస్తోంది. దీన్ని హాలక్స్ రిజిడస్ అంటారు. ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించండి, తేలిపోతుంది.

మడమ లేపిన ప్రతిసారీ ఆ వేలు పైకి వంగాలి, నొప్పంతా అక్కడే. అందుకే మెత్తటి హవాయి చెప్పులు పక్కన పెట్టి, అడుగు గట్టిగా, ముందువైపు కాస్త పైకి లేచి, వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండే బూట్లు వేసుకోండి. షాపులో మొహమాటపడకుండా వంచి చూడండి, సులువుగా మడత పడితే వద్దనండి! నొప్పి ఎక్కువైన రోజు గుడ్డలో చుట్టిన ఐసు 10-15 నిమిషాలు పెట్టండి. రామతీర్థం కొండ మెట్లు కొన్నాళ్లు వద్దు. వేలు ఎవరితోనూ బలవంతంగా లాగించుకోకండి. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు. అప్పటికీ తగ్గకపోతే పెరిగిన ఎముకను చెక్కేసే ఆపరేషన్ ఉంది, కానీ అది చివరి మాట.