ఆ ఫారం మీ డ్రాయర్లో ఎందుకుంది?

"మేమిద్దరం ఒకే కాలేజీలో, ఒకే డిపార్ట్‌మెంట్లో లెక్చరర్లం. హెచ్‌ఓడీని, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌ని నేనే. నా భార్య నాలుగు వారాల బోధనా శిక్షణకు వేరే ఊరు వెళ్తానంటోంది. పిల్లాడు తొమ్మిదో తరగతి, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె ఎదుగుదలకు నేనెప్పుడూ అడ్డు కాదు. అయినా పాఠం బాగానే చెబుతుంది, నా సబ్జెక్టులో డౌట్లు కూడా పిల్లలు ఆమెనే అడుగుతారు. ఆ శిక్షణకు నా సంతకం కోసం ఆమె ఇచ్చిన ఫారం మూడు వారాలుగా నా డ్రాయర్లో ఉంది. అదే రోజు వచ్చిన ఇంకో జూనియర్‌ది పంపేశాను. ఇంట్లోనే ఉండి చేసుకునే ఆన్‌లైన్ కోర్సు ఏదైనా మంచిది చెప్పగలరా?"

ఏ కోర్సు మంచిదో మీ ఆవిడకు మీకన్నా, నాకన్నా బాగా తెలుసు. ఆ ప్రశ్న వదిలేద్దాం.

అమ్మగారి మోకాళ్లకీ పిల్లాడి చదువుకీ మీరు తలో ముక్క రాసి ఊరుకున్నారు. డౌట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం "నా సబ్జెక్టులో డౌట్లు కూడా" అన్నారు. ఆ 'కూడా' దగ్గరే ముల్లు గుచ్చుకుంది. మీ గుబులు భర్తది కాదు బాబూ, హెచ్‌ఓడీది. బాగానే చెప్పే మనిషి ఇంకా బాగా చెబితే ఎలా అని.

నేనూ ఒకప్పుడు పాఠాలు చెప్పినదాన్నే. ఇలాంటి శిక్షణలో మాకు మైక్రోటీచింగ్ పెట్టారు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ అలెన్ అనే ఆయనా, తోటివాళ్లూ మొదలుపెట్టిన పద్ధతి అది. కొద్ది నిమిషాల పాఠం చెప్పాలి, తోటివాళ్లే విద్యార్థులు, వీడియో తీస్తారు, అందరూ కూర్చుని చూస్తారు, లోపం దిద్దుకుని మళ్లీ చెప్పాలి. నా వీడియోలో నేను ప్రశ్న అడిగి, ఎవరూ నోరు తెరవకముందే జవాబు చెప్పేస్తున్నాను. ఎదుట కూర్చున్నావిడ సగం ఎత్తిన చెయ్యి మెల్లగా దించేసుకుంది. పదకొండేళ్ల సర్వీసులో అలా ఎన్ని చేతులు దింపించానో! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వంటింట్లో కుక్కర్ కూతలు లెక్కపెడుతూ ల్యాప్‌టాప్‌లో వినే పాఠం ఈ పని చెయ్యదు.

హార్వర్డ్ వాళ్లు 1880లోనే ప్రొఫెసర్లకు ఏడేళ్లకోసారి సెలవిచ్చి చదువుకోమన్నారు. మీరు నాలుగు వారాలకే లెక్కలు కడుతున్నారు. ఇంకో జూనియర్ ఫారానికి అడ్డురాని ఇంటి ఇబ్బందులు ఈ ఫారానికే ఎందుకొచ్చాయి? ఇంట్లో అడగాల్సినది ఆఫీసు డ్రాయర్లో దాచడం హెచ్‌ఓడీ చెయ్యాల్సిన పని కాదు. భర్త చెయ్యాల్సినది అసలే కాదు.

రేపు కాలేజీకి వెళ్లగానే సంతకం పెట్టి పంపండి. గడువు దాటిపోయి ఉంటే ఆ మాట ఆవిడకు మీరే చెప్పండి, ఎందుకు దాటిందో కూడా. ఆమె క్లాసుల్లో కొన్ని మీరు తీసుకోండి, మిగిలినవి సర్దండి. అమ్మగారితో మాట్లాడాల్సిందీ మీరే, కోడలిని ముందుకు తోసి మీరు పేపరు చదువుకుంటూ కూర్చోకండి. పిల్లాడి సంగతంటారా, తొమ్మిదో తరగతి వాడికి తండ్రి చాలడా?

ఆవిడ తిరిగొచ్చాక కొత్త పద్ధతి ఏదో క్లాసులో మొదలుపెడుతుంది. మొదటి వారం గందరగోళంగానే ఉంటుంది. స్టాఫ్‌రూములో ఎవరో నవ్వుతారు కూడా. అప్పుడు మీరు నవ్వకండి. వెళ్లి వెనుక బెంచీలో కూర్చోండి, ఆవిడ రమ్మంటేనే.