సలహా అడిగే అన్నయ్య, సంతకం అడిగే అన్నయ్య

కుటుంబపు రైస్ మిల్లును ముప్పై ఏళ్లుగా నడుపుతున్న మీ అన్నయ్య, ప్రతి పెద్ద నిర్ణయానికీ ముందు మిమ్మల్ని పిలిచి "ఉన్నదున్నట్టు చెప్పరా" అని అడుగుతారనీ, అంతా విని చివరకు తన కొడుకు కోరినట్టే చేస్తారనీ రాశారు. మీరు వద్దన్న రియల్ ఎస్టేట్ వెంచర్ కోసమే ఇప్పుడు బ్యాంకు అప్పు తీసుకుంటూ, మిమ్మల్ని హామీ సంతకం పెట్టమంటున్నారు. ఆయన వినేలా ఎలా చెప్పాలన్నది మీ ప్రశ్న.

ఆ ప్రశ్నను వదిలేయండి. మీరు చెప్పే తీరులో లోపమేమీ లేదు. నిద్రపట్టని రాత్రి ధృతరాష్ట్రుడు విదురుణ్ణి పిలిపించుకుని తెల్లవార్లూ నీతి చెప్పించుకున్నాడు. నువ్వన్నదంతా నిజమే, నా మనసూ పాండవుల వైపే మొగ్గుతుంది, కానీ దుర్యోధనుణ్ణి చూడగానే మళ్లీ మారిపోతుంది అని ఒప్పుకున్నాడు కూడా. అంతకు ముందు, అరణ్యవాసం మొదట్లో, ఇదే తమ్ముణ్ణి నీ ఇష్టమొచ్చిన చోటికి పొమ్మని, ఆపైన ఉండలేక సంజయుణ్ణి పంపి కామ్యకవనం నుంచి రప్పించుకున్నదీ ఆయనే. విదురుడి మాట ఆ రాజుకు ఒక ఊరట. రాజ్యం మాత్రం కొడుకు చెప్పినట్టే నడిచింది.

తండ్రి తరవాత తండ్రి అన్నయ్యేనని నమ్మేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే హామీ సంతకాన్ని ఆ గౌరవంతో ముడిపెట్టకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు వారిని అడిగి, ఆ తరవాతే నా దగ్గరికి రండి అనడానికి మామూలుగా వీలుండదు.

నన్ను ఆపిన వాక్యం మీ ఉత్తరం చివర ఉంది: "మా ఆవిడను అడిగితే వద్దంటోంది, ఆమెకు ఇవన్నీ తెలియవు లెండి." తెలియదనుకుంటే ఎందుకు అడిగారు? అన్నయ్య మీ మాటను పక్కన పెట్టినందుకు రెండు పేజీలు బాధపడిన మీరు, ఆమె మాటను సగం వాక్యంలో తీసిపారేశారు. వాయిదాలు కట్టడానికి ఆమె తన నగలు కుదువ పెట్టిందని మీరే రాసిన ఆ ఇంటికే రేపు బ్యాంకు నోటీసు రావచ్చు. నా దృష్టిలో ముందు చక్కబడవలసింది మీ దంపతుల మధ్య సంగతి.

ఈ రాత్రి ఆ కాగితాలు ఆమె చేతికిచ్చి పూర్తిగా చదవనివ్వండి. తరవాత మీ వదినగారు ఇంట్లో ఉన్న వేళ చూసి అన్నయ్య దగ్గరికి వెళ్లి, సంతకం పెట్టలేనని ఒక్కసారి చెప్పి, ఆమె ఇచ్చిన కాఫీ తాగి రండి. కారణాలు చెప్పబోకండి, అవన్నీ ఆయన ఇదివరకే విన్నారు.