నాన్న బందీగా గడిపిన ఏళ్ళ గురించి రాస్తున్న మీకు

అన్నయ్యగారికి నమస్కారం,

మొదటి అధ్యాయం చదివాను. వయసులో మీరు నాకంటే పెద్ద, రాతలో కొత్త, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. అడవి, వెదురు పాకలు, థాయ్‌లాండ్-బర్మా మధ్య రైలు పట్టాలు వేయించడం ఇవన్నీ సినిమాల్లో చూసిన తెల్ల ఖైదీల కథ. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయిన రెండు రోజులకే భారతీయ సైనికుల్ని వాళ్ళ నుంచి విడదీసి ఫారర్ పార్క్ మైదానంలో జపాన్ వాళ్ళకి అప్పగించారు, దాదాపు 40 వేల మందిని. అక్కణ్ణుంచి మనవాళ్ళ దారి వేరు. ఆ రైలు మార్గం మీద ప్రాణాలు పోగొట్టుకున్న మనవాళ్ళు ఎక్కువగా మలయా రబ్బరు తోటల తమిళ, తెలుగు కూలీలు. వాళ్ళని యుద్ధఖైదీలుగా కూడా ఎవరూ లెక్కపెట్టలేదు. (ఆ పుస్తకం ఇంకెవరైనా రాయాలి.)

ముందు యూనిట్ తేల్చుకోండి. నాన్నగారు హైదరాబాద్ రెజిమెంట్‌లో చేశారని ఇంట్లో అనుకుంటారని రాశారు. మలయాలో ఆ పేరుతో రెండు దళాలున్నాయి. ఒకటి నిజాం సైన్యానికి చెందిన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ, కోట బారు విమానాశ్రయం కాపలాకి పెట్టారు. 1941 డిసెంబరు 8 తెల్లవారకముందే జపాన్ సైన్యం దిగింది ఆ తీరంలోనే. రెండోది 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్, 1942 జనవరి 7న స్లిమ్ రివర్ దగ్గర చెల్లాచెదురైంది. పేరు మనదేగానీ అందులో ఉన్నది ఎక్కువగా కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945లో ఆ రెజిమెంట్ పేరే కుమావూన్ అయింది. మీది తెలంగాణ కాబట్టి మొదటిదే అనిపిస్తుంది, కానీ అనిపించడం మీద పుస్తకం నిలబడదు, సర్వీసు నంబరు కావాలి.

ఇక మీ అసలు టెన్షన్, ఆయన ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారా లేదా అన్నది. అవునా కాదా అని అడిగితే జవాబు దొరకదు. 1942లో చేరి, ఆ డిసెంబరులో ఫౌజ్‌ని మొదట నడిపించిన మోహన్ సింగ్‌ని జపాన్ వాళ్ళు అరెస్టు చేశాక మళ్ళీ ఖైదీలుగా మారినవాళ్ళున్నారు. 1943లో నేతాజీ వచ్చాక తిరిగి చేరినవాళ్ళూ ఉన్నారు. చేరనివాళ్ళలో వేలమందిని కూలి పనికి న్యూగినీ, న్యూ బ్రిటన్ వైపు ఓడల్లో తోలారు. న్యూగినీలోని వేవాక్ ప్రాంతానికి పోయినవాళ్ళలో బతికి బయటపడింది చాలా కొద్దిమంది. ఆకలికి తట్టుకోలేక చేరినవాడూ, నమ్మి చేరినవాడూ ఒకే జాబితాలో ఉంటారు, జాబితా ఆ తేడా చెప్పదు.

అందుకే ఏ కాగితం దొరికినా, అది ఎవరి కోసం ఎందుకు రాసిందో ముందు చూడండి. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్ళు ఒక్కొక్కర్నీ విచారించి తెలుపు (తమకి విధేయులు), బూడిద (మధ్యరకం), నలుపు (ఫౌజ్‌ని గట్టిగా నమ్మినవాళ్ళు) అని వర్గాలు చేశారు. ఆ గదిలో ఇచ్చిన వాంగ్మూలం తనని తాను కాపాడుకోడానికి ఇచ్చింది. 1972 తర్వాత స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ కోసం పెట్టిన అర్జీ పెన్షన్ రావడానికి రాసింది. రెండూ ఒకే మనిషి చెప్పినవే అయినా పొంతన కుదరకపోవచ్చు. కుదిర్చే పని మీరు పెట్టుకోకండి, పక్కపక్కన పెట్టి వదిలేయండి, చదివేవాళ్ళు తెలివైనవాళ్ళే.

ఆయన మాట్లాడలేదు కాబట్టి ఆయన తోటివాళ్ళని వెతకండి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో రెజిమెంట్ పేరుతో వెతికితే చనిపోయినవాళ్ళ పేర్లు, తేదీలు వస్తాయి. సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీదే సమాధి లేనివాళ్ళ పేర్లు 24 వేలకు పైగా ఉన్నాయి. ఆస్ట్రేలియా వాళ్ళు న్యూ బ్రిటన్‌లోని రబౌల్‌లో నడిపిన యుద్ధ నేరాల విచారణల్లో భారతీయ జవాన్ల సాక్ష్యాలున్నాయి, ఆ ఫైళ్ళు చాలావరకు వాళ్ళ జాతీయ ఆర్కైవ్స్‌లో ఇంటినుంచే చదవొచ్చు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కి అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైట్ ఉంది, పేర్ల స్పెల్లింగులు మాత్రం నాలుగైదు రకాలుగా వేసి చూడాలి, మన ఇంటిపేర్లని ఆ గుమాస్తాలు ఏం చేశారో దేవుడికే తెలియాలి.

రెండో అధ్యాయంలో నాన్నగారి నోట పెట్టబోతున్న సంభాషణలు మాత్రం వద్దు. ఆయన ఎనభై ఏళ్ళు వచ్చినా చెప్పని మాట మీరు ఒక మధ్యాహ్నం కూర్చుని చెప్పించేస్తే ఎలా?

డిశ్చార్జ్ కాగితం ఒకవైపే ఫొటో తీసి పంపారు. వెనకవైపు కూడా పంపండి, స్టాంపులు, పెన్సిల్ రాతలు ఉండేది అటువైపే.