మంట తగలకపోతే రాకెట్ ఇంధనానికి ప్రమాదం లేదా?

"దగ్గర్లో నిప్పు లేకపోతే రాకెట్ ఇంధనం ఎంత వేడెక్కినా భయం లేదు కదా?" అని అడిగారు. చాలా ఉంది. కళ్లెదుట మండే మంట కంటే గంటల తరబడి మెల్లగా ఎక్కే వేడికే నేను ఎక్కువ భయపడతాను.

ఘన ఇంధనం నింపిన రాకెట్ మోటారు ఒక్కసారిగా మంటల్లో చిక్కుకుంటే ముందు అంచులు అంటుకుంటాయి, నడిమి భాగం ఇంకా చల్లగానే ఉంటుంది. చాలాసార్లు కేసింగ్ (బయటి తొడుగు) చీలి, ఇంధనం భగభగ మండి ఆరిపోతుంది. అదే గంటకు 3.3 సెల్సియస్ డిగ్రీల చొప్పున వేడి పెరిగితే (చాలాకాలం పరీక్షల్లో వాడిన లెక్క ఇదే) ఇంధనం మొత్తం కాగుతుంది. అందులో మండడానికి ఆక్సిజన్ అందించే అమ్మోనియం పెర్క్లోరేట్ కొంత విచ్ఛిన్నమై సన్నని రంధ్రాలు పడతాయి. ఇక అంటుకుంటే ప్రతి రంధ్రమూ మండుతుంది. పేలుడుకు అంతకంటే ఏం కావాలి?

కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇదంతా ఎప్పుడో చదివాను. నమ్మకం కుదిరింది మాత్రం 2020 మే 7న. మాది విశాఖలో గోపాలపట్నం. తెల్లవారుజామున ఘాటు వాసనకు మెలకువ వచ్చింది, కళ్లు మండిపోతున్నాయి. బయటికొస్తే వీధిలో జనం పరుగులు, రోడ్డు పక్కన ఒక ఆవు పడిపోయి ఉంది. మా ఆవిడను స్కూటరు ఎక్కించుకుని సింహాచలం వైపు వెళ్లిపోయాను. దారిలో కనిపించిన ప్రతివాడూ "ఎక్కడండీ మంట?" అనే అడిగాడు. మంట ఎక్కడిది? లాక్‌డౌన్‌లో దగ్గర్లోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో కదలిక లేకుండా నిల్వ ఉన్న, ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం స్టైరీన్‌లో అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుంటూ వేడి పుట్టించాయి, ఆ వేడికి మరింత వేగంగా అతుక్కున్నాయి. పుట్టే వేడి బయటికి పోయే వేడిని మించిపోయింది. స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి మా ఇళ్ల మీద పడింది. పన్నెండు మంది పోయారు. రాకెట్ ఇంధనమైనా, స్టైరీనైనా సూత్రం ఇదే.

అయినా మనవాళ్లకు పొగ కనబడితే తప్ప భయం పుట్టదు. సైరన్ మోగితే ఎటు పోవాలో ఈ రోజుకీ మా వీధిలో ఎవరికీ తెలియదు. అపార్ట్‌మెంటు సమావేశంలో ఈ మాట ఎత్తితే పార్కింగ్ గొడవలోకి దిగుతారు.

మీరు ఎండ సంగతి కూడా అడిగారు. విశాఖ ఎండకు రాకెట్ ఇంధనం అంటుకోదు. కానీ నైట్రోసెల్యులోజ్, నైట్రోగ్లిజరిన్‌లతో చేసే రకం రాకెట్ ఇంధనం మామూలు వేడికే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా క్షీణిస్తుంది. దాన్ని అదుపులో ఉంచే రసాయనం ఎంత మిగిలిందో అప్పుడప్పుడు నమూనా తీసి చూడాల్సిందే.